చెవి వెనుక వాపు

నిరుటి శ్రావణమాసములో గోదావరి తీరపు పల్లెనుండి ఒక సోదరి మాకు నాలుగు పుటల ఉత్తరము వ్రాసినది. ఆమె మరిదికి ఇరువదిమూడేండ్లు. ఎడమచెవి వెనుక మొదట ఉసిరికాయంత గడ్డ కనబడి, మూడేండ్లలో పెద్ద నిమ్మకాయంత అయినదట. నొప్పి లేదు, జ్వరము లేదు, చీము లేదు. అప్పుడప్పుడు ఆ చోట దురద మాత్రము పుట్టును. ఊరివారు గండమాల యనిరి. పట్టణములో నొక వైద్యుడు చేతితో తడవి చూచి, క్షయ యని చెప్పి, ఆరు నెలలు మాత్రలు మ్రింగించెను. మాత్రలు ముగిసినవి గాని గడ్డ తగ్గలేదు. ఈలోగా రెండు సంబంధములు వచ్చి, పెండ్లిచూపులనాడే పిల్లవాని చెవివైపు చూచి వెనుకకు పోయినవి. ఉత్తరము చివర ఆ సోదరి, ఇంటిలో నెవ్వరికిని వినబడకుండ అడుగుచున్నట్లుగా, సన్నని అక్షరములతో రెండు మాటలు వ్రాసినది: "ఇది అంటుకొను జబ్బేనా? నా నాలుగేండ్ల పాప వాళ్ల బాబాయి ప్రక్కలో తప్ప నిద్రపోదు. మాన్పించవలెనా?"

ఒక కార్డుముక్కపై దీనికి జవాబు వ్రాయుట మాకు చేతకాలేదు. తెలిసిన వైద్యులను అడిగి, పిల్లవానిని అన్ని శాఖలును గల పెద్దాసుపత్రికి తీసికొనిపొమ్మనియు, పాత చీటీలన్నియు వెంట నుంచుకొమ్మనియు వ్రాసితిమి. అటుపిమ్మట ఏడాదిగా ఆమె ఉత్తరములు వచ్చుచునే యున్నవి. జబ్బు పేరు తేలినది. ఆమె యనుమతితో, ఊరు పేరులు విడిచి, ఆ సంగతిని, ఆ జబ్బును గూర్చి మేము తెలిసికొన్నదానిని ఈ నెల వ్రాయుచున్నాము. జబ్బు మిక్కిలి అరుదైనది. దీనిని చదువు సోదరీమణులలో ఒక్కరి యింటనైనను అది లేకపోవచ్చును. కాని మెడమీద ఏదో యొక గడ్డ ఎన్నడును కనబడని యిల్లు లేదు. దానిని చూచి గుండె గుభిల్లుమనని తల్లియు లేదు.

మొదట ఈ గడ్డ లనగా నేమో చూతము. మన మెడకు ఇరుప్రక్కల, దవుడ క్రింద, చెవుల వెనుక, చిక్కుడుగింజలవంటి చిన్న గ్రంథులు అనేకములు కలవు. ఒంటిలో ప్రవేశించిన సూక్ష్మక్రిములను అడ్డగించు కావలివాండ్రవి. తలలో పేలు పడి కురుపులు లేచినను, పన్ను పుచ్చినను, గొంతు వాచినను, దగ్గరి గ్రంథి ఉబ్బును. అట్టివి నొక్కిన నొప్పి పెట్టి, మూలమున నున్న పుండు మానగానే ఒకటి రెండు వారములలో అణగిపోవును. బిడ్డల మెడలో చేతికి తగులు చిన్నచిన్న గింజలలో చాలవరకు ఇట్టివే. వానికి హడలిపోవలసిన పని లేదు. రెండు వారములు దాటినను తగ్గనిది, నెలనెలకు పెరుగునది, రాయివలె గట్టిగా నుండి వ్రేలితో త్రోసినను కదలనిది, జ్వరముతోనో రాత్రి చెమటలతోనో బరువు తగ్గుటతోనో కూడినది, ఇట్టిదానిని మాత్రము వైద్యునికి చూపియే తీరవలెను.

మన దేశములో నెలల తరబడి మెడలో నిలిచిన గడ్డ అనగానే వైద్యునికి మొదట తోచునది క్షయ. అది తప్పు కాదు. ఊపిరితిత్తులను విడిచి వేరుచోట్ల వచ్చు క్షయలో మెడగ్రంథుల క్షయయే మన దేశమున మిక్కుటము. మన పూర్వులు గండమాల యనియు, అపచి యనియు వర్ణించినవానిలో చాల భాగ మిదియే యని పలువురి యభిప్రాయము. ఇంగ్లాండు దేశమున దీనిని రాజుల జబ్బని పిలిచి, రాజుగాని రాణిగాని చేయి తాకించిన మానునని నమ్మెడివారు. నిఘంటుకర్తగా ప్రసిద్ధికెక్కిన శామ్యూల్ జాన్సను పసివాడుగా నున్నపుడు, 1712వ సంవత్సరములో, తల్లి యాతని లండనుకు తీసికొనిపోయి ఆన్ రాణిచేత తాకించెను. జబ్బు మానలేదు. మెడమీది మచ్చలు ఆయనకు కడవరకు నుండెను. తల్లుల యాత్రలు ఆనాడును ఈనాడును ఒక్కటే గదా యనిపించినది మాకు.

నేడు క్షయకు రాణి చేయి అక్కరలేదు. ఆరు నెలల మందులు కలవు, ప్రభుత్వము వారు ఉచితముగా నిచ్చుచున్నారు. మందు సరిగా పడినచో మెడగ్రంథుల క్షయ నయమగును. ఇచ్చట నొక హెచ్చరిక చేయవలసియున్నది. క్షయమందు వాడుచుండగా గ్రంథి కొన్నాళ్లు ఇంకను ఉబ్బవచ్చును. మందు ముగిసిన తరువాతను చిన్న గడ్డ మిగిలిపోవచ్చును. అంతమాత్రమున మందు పనిచేయలేదనియు, జబ్బు క్షయ కాదనియు ఎవరికి వారు తీర్మానించుకొని మాత్రలు మానరాదు. మేము చెప్పబోవు కథలోని పొరపాటు క్షయను అనుమానించుట కాదు. గడ్డలోని ముక్కను పరీక్షింపకయే క్షయ యని నిశ్చయించుట, ఆరు నెలలైనను తగ్గనపుడు ఎందువలన తగ్గలేదని మరల ప్రశ్నింపకుండుట, ఈ రెండే.

ఇక ఆ పిల్లవానికి తేలిన జబ్బు పేరు కిమూర వ్యాధి. 1937లో చీనాదేశమున కిమ్, సెటో అను వైద్యులు 7గురు రోగులలో దీనిని మొదట వర్ణించిరి. 1948లో జపానుదేశపు కిమూర అను వైద్యుడు తన సహచరులతో గూడి మరల వర్ణింపగా, ఆయన పేరే దీనికి నిలిచినది. చీనా, జపాను మొదలైన తూర్పుదేశముల వారిలో ఎక్కువ, ఇతరులలో తక్కువ. మన దేశములోను అక్కడక్కడ కనబడుచునే యున్నది. స్త్రీలకన్న పురుషులలో పలురెట్లు ఎక్కువ. ఇరువది, ముప్పది యేండ్ల ప్రాయమువారినే ముఖ్యముగా పట్టును. చెవి వెనుక, చెవి ముందు లాలాజలగ్రంథి చోట, దవుడ క్రింద, చర్మము లోపల మెత్తగానో కొంచెము గట్టిగానో వాపు వచ్చి, ఏండ్ల తరబడి నెమ్మదిగా పెరుగును. దగ్గరి గ్రంథులును ఉబ్బును. నొప్పి యుండదు. కొందరికి పైచర్మము దురద పెట్టును. ఒకప్పుడు తగ్గినట్లే తగ్గి మరల ఉబ్బును. జ్వరము లేకపోవుట, మనిషి చిక్కిపోకుండుట, ఏండ్లు గడచినను పుండై పగులకుండుట, ఇవి క్షయనుండి దీనిని వేరుచేయుటకు వైద్యునికి సూచనలే గాని నిశ్చయములు కావు.

కారణ మిదియని యింకను తేలలేదు. ఒంటి రక్షణకై యున్న శక్తి ఏదో కారణమున దారితప్పి, శత్రువు లేనిచోట యుద్ధమునకు దిగుట యని చెప్పవచ్చును. ఇది క్రిమివలన వచ్చు అంటువ్యాధి కాదు. కేన్సరు కాదు, కేన్సరుగా మారును అనుటకును నిదర్శనము లేదు. తినుబండారములవలన వచ్చినది కాదు, ఎవరి దృష్టివలనను వచ్చినది కాదు. ఆ సోదరి మొదటి ప్రశ్నకు జవాబు తెలిసిన దినముననే మేము ఆమెకు వేరొక పని పెట్టుకొనక వెంటనే వ్రాసితిమి: పాపను పరుండనిమ్మని.

ఈ జబ్బుకు రక్తములో నొక గురుతు కలదు. దానిని మన సోదరీమణులందరు ఎరుగుదురు, పేరు మాత్రము కొంచెము మార్చి "ఇస్నోఫీలియా" అందురు. రక్తములోని తెల్లకణములలో ఇయోసిన్ అను ఎర్రరంగును పీల్చుకొను ఒక జాతి కణము లున్నవి. 1879లో జర్మను పండితుడు పాల్ ఎర్లిక్ వానికి ఇయోసినోఫిల్ అని పేరు పెట్టెను. ఆరోగ్యవంతుని ఘనమిల్లీమీటరు రక్తములో ఇవి 500 దాటవు. కడుపులో నులిపురుగులున్నను, ఉబ్బసమున్నను, ఒంటికి పడని వస్తువు తగిలినను ఇవి పెరుగును. బోదకాలు పురుగు గల మన కోస్తా జిల్లాలలో, దానివలన వచ్చు ఒకవిధమైన దగ్గులో ఇవి మిక్కిలిగా పెరుగును. కావుననే రక్తపుచీటీలో ఈ లెక్క హెచ్చుగా నున్నదన్న, "ఏమున్నది, ఇస్నోఫీలియాయే" యని నాలుగు మాత్రలు వాడి చీటీని చింపివేయుట మన యిండ్లలో అలవాటైనది. మా సోదరి మరిదికిని అదే జరిగినది. మూడేండ్లలో నాలుగుసార్లు రక్తపరీక్ష చేసిరట. నాలుగుసార్లును ఆ లెక్క హెచ్చుగానే యున్నది. రెండుసార్లు నులిపురుగుల మందిచ్చిరి. గడ్డను చూచినవారు రక్తపుచీటీ అడుగలేదు, చీటీని చూచినవారు గడ్డను చూడలేదు. ఆ నాలుగు చీటీలను గోధుమడబ్బా క్రింద దాచిన అత్తగారే చివరకు రక్షించినది. పెద్దాసుపత్రిలో యువవైద్యురాలొకరు వానిని బల్లపై వరుసగా పరచి, వాపును చీటీలను కలిపి చూచి, కిమూర పేరును మొదట పలికినదట. ఆ తరువాత రక్తములో ఐజీఇ అను మరియొక పదార్థమును కొలువగా అదియు ఎన్నోరెట్లు పెరిగియున్నది. ఈ రెండును పెరిగి, చెవిదగ్గర నొప్పిలేని వాపు గల యువకుడు కనబడినపుడు ఈ జబ్బును తలంపవలెను.

తలంచుట వేరు, నిశ్చయించుట వేరు. నిశ్చయమునకు గడ్డలోని ముక్క కావలెను. సన్నని సూదితో కొన్ని కణములు లాగి చూచు పరీక్ష సులభమైనది. క్షయనో కేన్సరునో అనుమానించుటకు తోడ్పడును. కాని ఈ జబ్బును తేల్చుటకు అది తరచుగా చాలదు. గ్రంథిని పూర్తిగానో, వాపులో కొంత భాగమునో కోసి తీసి, మైనములో పోతపోసి, పలుచని పొరలుగా తరిగి, రంగులు వేసి సూక్ష్మదర్శినిలో చూడవలెను. దానినే బయాప్సీ యందురు. కిమూర వ్యాధిలో గ్రంథి తన సహజాకృతిని కోల్పోకుండగనే, లోపలి గుండ్రని కేంద్రములు ఉబ్బి, ఇయోసినోఫిల్ కణములు గుంపులుగుంపులుగా చేరి అచ్చటచ్చట చిన్న చీముగడ్డలవలె కనబడును, సన్నని రక్తనాళములు పెరిగి యుండును. అదే ముక్కపై క్షయక్రిమికొరకు రంగుపరీక్షయు, క్రిమి జాడను పట్టు కొత్తరకపు పరీక్షయు చేయవచ్చును. లింఫోమా యను గ్రంథుల కేన్సరు కాదని రూఢి చేసికొనుటయు అప్పుడే. దానిలో కొన్ని రకములలో ఇయోసినోఫిల్‌లు పెరుగుట కలదు గనుక, ఇది తప్పనిసరి.

ఆ యింటిలో పెద్ద తగవు ఇచ్చటనే వచ్చినది. "గడ్డమీద కత్తి పెట్టితే కేన్సరు ఒళ్లంతా పాకుతుంది, కోయనివ్వను" అని అత్తగారు అన్నము మానిరి. ఈ భయము మన యిండ్లలో ఎంతగా వేరూనినదో మాకు తెలియును. తెలిసిన వైద్యుడు పద్ధతిగా తీసిన ముక్కవలన కేన్సరు ఒళ్లంతా పాకదు. కత్తి భయమున ఆలస్యము చేసి, ముదిరిన తరువాత పోయి, కోసిన వెంటనే చనిపోయినారని చెప్పుకొను కథలనుండి ఈ నమ్మకము పుట్టియుండునని మా యూహ. కోడలు అత్తగారితో వాదింపలేదు. "అత్తయ్యా, ముక్క తీయకుండానే క్షయ అని ఆరునెలలు మందు మింగించాము గదా, ఈసారి ముక్క తీసి చూద్దాము" అని మాత్రము చెప్పినదట. అది పనిచేసినది.

ముక్క తీసినపుడు ఇంటివారు జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి యొకటి. చీటీ మాత్రమే గాక, ఆ మైనపుదిమ్మయు అద్దపుపలకలును ఆసుపత్రిలో భద్రము చేయుదురు. అరుదైన జబ్బుల విషయమున వానిని అడిగి తీసికొని, వేరొక నిపుణునికి చూపించుట వాడుక. అడుగుటకు మొగమాటపడరాదు.

కిమూర వ్యాధిలో భయపడవలసినది గడ్డనుగూర్చి కాదు, మూత్రపిండములను గూర్చి. ఈ జబ్బు గలవారిలో నూటికి 12 మొదలు 16 మంది వరకు మూత్రములో మాంసకృత్తు పోవును. వారిలో సగమునకు మించినవారికి అది ముదిరి కాళ్లు, మొగము వాచును. కొందరికి గడ్డ కనబడిన ఏండ్లకు వచ్చును, కొందరికి గడ్డకన్న ముందుగనే వచ్చును. ఆ సంగతి తెలిసిన పిమ్మట మేము సోదరికి వ్రాయగా, ఆమె జవాబు మా చేతిలో నున్నది. పిల్లవాని చెప్పులు రెండు నెలలుగా సాయంకాలమునకు బిగుసుకొనుచున్నవట. ఉదయము కనురెప్పలు ఉబ్బియుండుట చూచి, రాత్రి ఫోను చూచుచు మేలుకొనుటవలన ననుకొని మందలించుచుండిరట. మూత్రము పోసినచోట సబ్బునురుగువలె నిలిచియుండుట పనిమనిషి చూచి చెప్పినదట. మూత్రపరీక్ష చేయించగా మాంసకృత్తు మూడు ప్లస్సులు వచ్చినది. ఈ పరీక్షకు పట్టు ఖర్చు స్వల్పము. చెవి వెనుక గడ్డతో తిరిగిన మూడేండ్లలో దానిని ఎవ్వరును చేయింపలేదు.

చికిత్స అందరికి ఒక్కటి కాదు. గడ్డ చిన్నదై, బాధ పెట్టక, మూత్రము శుభ్రముగా నున్నచో, ఏమియు చేయక కనిపెట్టియుండుటయు చికిత్సయే. పైకి కనబడి వికారముగా నున్నదానిని శస్త్రముతో తీయుట అన్నింటికన్న వాడుకలో నున్న మార్గము. చెవి ముందు వాపైనచో ముఖమును కదల్చు నరము ఆ గ్రంథిగుండా పోవును. అది దెబ్బతిన్న కన్ను మూతపడదు, నోరు వంకరపోవును. కావున ఆ పనిలో చేయి తిరిగినవారి యొద్దనే చేయించుకొనవలెను. తీసిన తరువాత నలుగురిలో ఒకరికి తిరిగి వచ్చినట్లు లెక్కలు కలవు, కొన్ని లెక్కలలో అంతకన్న నెక్కువ. శస్త్రవైద్యులు ఈ మాటను ముందుగనే చెప్పవలెను. చెప్పనిచో మనమే అడుగవలెను. మరల వచ్చినపుడు మోసపోతి మని యేడ్చుటకన్న, రావచ్చునని తెలిసియుండుట మేలు.

ప్రెడ్నిసొలోన్ మొదలైన స్టెరాయిడ్ మందులు వాడగా గడ్డ వేగముగా కరుగును. మూత్రపిండములకు జబ్బు సోకినపుడు ముఖ్యమైన మందు ఇదియే. కాని మోతాదు తగ్గించునప్పుడు వాపు మరల తల యెత్తుట చాలమందిలో కలదు. ఈ మందునుగూర్చి రెండు మాటలు గట్టిగా చెప్పవలసియున్నది. మొదటిది, గడ్డ యేమిటో తేలకముందే దీనిని ఇయ్యరాదు. క్షయ యైనచో అది మండిపడును. గ్రంథుల కేన్సరైనచో కొంతకాలము కరిగి నిజస్వరూపమును దాచును, ముక్క తీసినను తేలదు. "వాపుమందు" అని దుకాణములో అడిగి కొను అలవాటు మిక్కిలి అపాయకరము. రెండవది, వైద్యుని యాజ్ఞపై మొదలుపెట్టినదానిని, మొగము గుండ్రనయినదనియో ఆకలి పెరిగినదనియో ఒక్కసారిగా మానరాదు. ఒళ్లు దానికి అలవాటుపడి, తన సొంత రసమును స్రవించుట మాని యుండును. ఒక్కమారు నిలిపిన, మనిషి సొమ్మసిల్లి ప్రాణముమీదికి వచ్చును. మెట్టు మెట్టుగా దింపవలెను. చక్కెర, రక్తపుపోటు అప్పుడప్పుడు చూపించుకొనవలెను.

మరల మరల వచ్చుదానికి కొలదిపాటి రేడియేషన్ ఇచ్చుట కలదు. ప్రాయపువారికి దానివలన ముందుముందు కేన్సరు భయముండును గనుక వైద్యులు వెనుకముందు లాడుదురు. స్టెరాయిడు తగ్గించుటకు తోడుగా సైక్లోస్పోరిన్ వంటివి వాడుదురు. ఉబ్బసమునకు, చర్మపు దురదకు నేర్పరచిన ఓమలిజుమాబ్, డుపిలుమాబ్ అను సూదిమందులతో కొందరికి మేలుకలిగినట్లు ఇటీవలి సంవత్సరములలో వైద్యులు ప్రకటించిరి. రోగులు కొద్దిమంది యగుటచేత వేలకొలది జనముపై సరిచూచిన చికిత్స దీనికింకను లేదు. వానివెల సామాన్య కుటుంబములకు అందునది కాదు.

ఇంటి చికిత్సలనుగూర్చి పలువురు అడుగుదురు. సున్నము బెల్లము కలిపి పట్టు వేయుట, పసరు కట్టుట, జీడిరసము పెట్టుట, వాతలు వేయుట, ఇవి యేవియు ఈ గడ్డకు పనిచేయవు. జీడి పెట్టినచోట పుండై, ఆ పుండులో చీము పట్టి, చూచు వైద్యునికి అసలు జబ్బు కనబడకుండపోవును. ఇల్లాలు చేయగలది వంటయింటిలో వేరొకటి యున్నది. మూత్రములో మాంసకృత్తు పోవుచు కాళ్లు వాచినవారికి ఉప్పు తగ్గించవలెను. ఉప్పు తగ్గించు టనగా కూరలో చిటికెడు తగ్గించుట మాత్రమే కాదు. ఆవకాయ, మాగాయ, అప్పడములు, ఊరమిరపకాయలు, దుకాణపు కారపుపూస, ఇవి విస్తరిలోనికి రాకుండుట. మన తెలుగింటి మగవానికి ఊరగాయ లేని అన్నము పెట్టుట ఎంత పనియో మేమెరుగుదుము. ఆ సోదరి ఇంటిల్లిపాదికిని చప్పిడికూరలే వండి, పెద్దలకు ఊరగాయ జాడీని వేరుగదిలో పెట్టి వడ్డించినదట. ఒక్కనిముందు చప్పిడి పెట్టి పదిమంది ఆవకాయ నంజుకొన్న, రెండవనాటికే దొంగతనము మొదలగును గదా.

ఆడపిల్లల తల్లులు, మగపిల్లలకు వచ్చు జబ్బుతో మాకేమి యని యనవచ్చును. దీనికి పోలికగల రెండు జబ్బులు స్త్రీలలోను కనబడును. చెవిచుట్టును నెత్తిమీదను చిన్నచిన్న ఎర్రని బొడిపెలు లేచి, గీరిన నెత్తురు వచ్చు నొకటి కలదు. పూర్వము దీనిని కిమూర వ్యాధియే యని తలంచి, పిమ్మట వేరని తెలిసికొనిరి. దానిలో ఐజీఇ పెరుగుట అరుదు, మూత్రపిండములకు భయము లేదు. రెండవది కికూచి వ్యాధి. 1972లో జపానుదేశముననే కికూచి, ఫుజిమోటో అనువారు వేరువేరుగా దీనిని వర్ణించిరి. ముఖ్యముగా ముప్పదియేండ్ల లోపలి యువతులకు మెడ ప్రక్కను గ్రంథులు ఉబ్బి, కొంచెము నొప్పిపెట్టి, జ్వరము వచ్చును. చూచువారికి అచ్చముగా క్షయవలె, ఒక్కొక్కప్పుడు సూక్ష్మదర్శినిలో సైతము గ్రంథుల కేన్సరువలె కనబడును. కాని పెద్ద మందేమియు లేకయే ఒకటి మొదలు నాలుగు నెలలలో తనంత తానే మానును. మానిన తరువాత కొందరికి లూపస్ అను కీళ్లు, చర్మము, మూత్రపిండములకు సోకు జబ్బు బయటపడవచ్చును గనుక కొన్నియేండ్లు వైద్యునికి కనబడుచుండవలెను. తనంత తానే మానిపోవు జబ్బుకు ఒక బాలిక క్షయమందు మ్రింగి, కేన్సరను మాట విని, చదువు మానుకొని యింట కూర్చుండుట జరుగుచున్నది. అందుకే ముక్క తీసి చూడుమని ఇంతగా చెప్పుట.

మా కథలోని పిల్లవానికి గడ్డలో ముఖ్యభాగమును శస్త్రముతో తీసిరి, మూత్రపిండములకై స్టెరాయిడు మొదలిడిరి. మూడునెలలలో చెప్పులు వదులైనవి. మూత్రములో మాంసకృత్తు జాడమాత్రముగా మిగిలినది. సంక్రాంతి తరువాత మోతాదు సగము చేయగా, కుట్టు ప్రక్కనే శనగగింజంత వాపు మరల తగిలినది. అత్తగారు "చెప్పితినా" యన్నారట. వైద్యులు మోతాదును మరి కొంచెము పెంచి, మరల మెల్లగా దింపుచున్నారు. ఇది ఏండ్ల తరబడి కనిపెట్టవలసిన జబ్బు. మూడునెలలకొకసారి మూత్రము, రక్తము పరీక్ష చేయించి, తేదీ వేసి ఒక నోటుపుస్తకములో వ్రాయుచున్నారు. ఆ పుస్తకము ఇప్పుడు గోధుమడబ్బా క్రింద లేదు, దేవునిగూటిలో నున్నది.

వైశాఖములో మూడవ సంబంధము వచ్చినది. చెప్పవలెనా దాచవలెనా యని సోదరి మాకు వ్రాసినది. దాచవలదని వ్రాసితిమి. మచ్చ కనబడుచునే యున్నది, మాత్రలు కనబడుచునే యుండును. మాట మాత్రము దాచి ప్రయోజన మేమి? అంటదనియు, ప్రాణభయము లేదనియు, మూత్రపిండములను కనిపెట్టుచుండవలెననియు వైద్యునిచేతనే చెప్పించుమంటిమి. పెండ్లికుమార్తె డిగ్రీ చదివిన పిల్ల. పెద్దలందరు గోత్రములు మాటలాడుకొనుచుండగా ఆమె అడిగినది ఒక్కటేనట, "ఆయన జన్మంతా చప్పిడి తినాలా?" అని. లగ్నము ఇంకను కుదురలేదు, కట్నపుమాటవద్ద ఆగియున్నదట. ఆ విషయమై మా యభిప్రాయము మరియొక నెల వ్రాయుదుము.

మొన్న వచ్చిన ఉత్తరములో సోదరి పాపసంగతి వ్రాసినది. అది ఇప్పటికిని బాబాయి ప్రక్కలోనే పరుండుచున్నది. నిద్రవచ్చువరకు ఆయన చెవి వెనుకకు చేయి పోనిచ్చి తడవుట దానికి చిన్ననాటినుండి అలవాటట. ఆసుపత్రినుండి వచ్చిన రాత్రి కట్టు చూచి యూరకున్నది. కుట్లు విప్పిన తరువాత తడవి చూచి, "బాబాయీ, నీ కాయ ఏదీ?" యని యడిగి, దొరకనందుకు చాలసేపు ఏడ్చినదట.